మూడో స్టేషన్ పలుకుతూనే ఉంది

నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో యంత్రం ‘నువ్వు’ అని నన్నే నిలదీసినట్టు అనిపించింది ఒక్క రోజే. ఉదయం పది గంటలు. మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. పగలే అయినా గదిలో ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. అంతవరకూ అంకెలు కొడుతున్న టెలిప్రింటర్ ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు మాట కొట్టింది.

“ఈడికెట్లొచ్చినావ్?”

ఆ మాట యంత్రానికి నేర్పిన మనిషి చనిపోయి అప్పటికి ఆరు నెలలు. ఆ మాట పలికించే ఆజ్ఞలన్నిటినీ వెతికి వెతికి తీసేసింది నేను. ఒక్కటి కూడా మిగల్లేదని రిజిస్టరులో సంతకం పెట్టింది కూడా నేనే.

మొన్న మా చెల్లెలి మనవరాలు, బెంగుళూరులో ఇదే వృత్తిలో ఉంది, ఫోనులో ఏదో మాటల మధ్య, “పరీక్షలప్పుడు తనిఖీలన్నీ పెట్టుకుంటాం తాతా, అసలు పనికి దించేటప్పుడు ఆపేస్తాం, వేగం కోసం” అంది. తప్పని నేననలేదు. ఆ వయసులో నేనూ అదే చేశాను. ఏం జరిగిందో ఫోనులో చెప్పలేక ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో తిరుపతిలో మాదొక చిన్న ఆఫీసు. రైల్వే స్టేషనుకు వెనక వీధిలో, రెండు లాడ్జీల మధ్య మేడ మీద మూడు గదులు. కొండల్లోంచి దిగే వంకల్లో నీటిమట్టం ఎంతుందో కనిపెట్టి, వరద వచ్చేలా ఉంటే కింది ఊళ్ళకు ముందే చెప్పడం మా పని. అడవి అంచుల్లో ఐదు చోట్ల స్తంభాలు పాతి, వాటి మీద పెట్టెలు బిగించారు. వాటిని మేము స్టేషన్లు అనేవాళ్ళం. ప్రతి స్టేషను దగ్గరా ఒక కాపలాదారు ఉండేవాడు. నీటిమట్టాన్ని పెట్టె దానంతటదే కొలిచి, అరగంటకొకసారి వైర్‌లెస్‌లో పంపేది. తిరుపతిలో మా కంప్యూటరు దాన్ని అందుకుని కాగితం మీద అచ్చు కొట్టేది. అంకె గీత దాటితే గంట మోగేది.

కంప్యూటరంటే మీరనుకునేది కాదు. బీరువా అంత పెట్టె, ముందర వరసగా మీటలు. దాని జ్ఞాపకంలో మీ ఫోనులోని ఒక చిన్న ఫోటో కూడా పట్టదు. కానీ ఆ జ్ఞాపకానికి ఒక గుణం ఉండేది. కరెంటు పోయినా చెరిగిపోదు. మీట నొక్కి మళ్ళీ లేపితే, ఎక్కడ ఆగిందో అక్కడి సంగతులన్నీ అలాగే పట్టుకుని లేస్తుంది.

దానికి ప్రోగ్రాం రాసిన పెద్దాయన పలమనేరు వైపు మనిషి. యాభై దాటిన వయసు, బొంబాయిలో తొలినాటి కంప్యూటర్ల మీద పని చేసి వచ్చాడు. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి ఆయన కింద చేరాను. ఆయన ప్రోగ్రాంలో ప్రతి పది ఆజ్ఞలకూ ఒక తనిఖీ ఉండేది. ఇక్కడికి వచ్చేసరికి ఈ అంకె సున్నా కంటే ఎక్కువ ఉండాలి, ఈ స్టేషను సంఖ్య ఐదు దాటకూడదు, ఇట్లాంటివి. అది నిజం కాకపోతే యంత్రం అక్కడే ఆగి, ఆ మాట అడిగేది.

“ఇంగ్లీషులో అడిగితే ఎవురూ సదవరప్పా. మన మాటలో గదమాయిస్తే ఎవుడైనా తల తిప్పి సూస్తాడు” అనేవాడు.

ఇది తన సొంత తెలివి కాదని ఆయనే చెప్పాడు. కంప్యూటర్లు పుట్టిన తొలి రోజుల్లోనే ఇంగ్లండులో ఒకరు ఈ మాట అన్నారట. పొడవాటి కూడిక చేసేటప్పుడు పైన చిన్నగా ‘మిగిలింది ఒకటి, మిగిలింది రెండు’ అని వేసుకుంటాం కదా, దిద్దేవాడు ఒక్కో వరస విడిగా సరిచూసుకోవచ్చు. ప్రోగ్రాంలోనూ అట్లాగే ఈ చోటికి వచ్చేసరికి ఏది నిజమై ఉండాలో రాసిపెట్టుకోవాలి. తర్వాత అమెరికాలో పంతుళ్ళు దాన్నొక గణితంగా మార్చారు. “కాయితం మీద రాసి పెడితే సాలదు, నడిచేటప్పుడు మిషనే అడగాల” అన్నది మాత్రం తన పట్టుదల అనేవాడు.

నాకు అదంతా చాదస్తంగా తోచేది. యంత్రం వారానికి రెండు సార్లు ఆగేది. ఆగిన ప్రతిసారీ మా ఆఫీసరు గదిలోంచి కేకలు. ఆయన గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. పైవాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు యంత్రం సరిగ్గా వాళ్ళ ముందే ఆగి “ఈడికెట్లొచ్చినావ్?” అని అడగడం ఆయన మరిచిపోలేదు.

“ఆగిపోతే అందరూ మనల్నే తిడతాండారు సార్” అన్నాను ఒకసారి పెద్దాయనతో.

“ఆగితే తిడతారు. ఆగకుండా అబద్ధం సెప్తే ఎవురూ తిట్టరు. నాకు బయం దానికే” అన్నాడాయన.

ఆ ఏడు మే నెలలో ఆయన పోయాడు. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాడు లేవలేదు. పదమూడో రోజు అయిన మర్నాడు ఆఫీసరు నన్ను పిలిచి, “ఆయన మీద గౌరవం వేరు, పని వేరు. వానలు వచ్చేలోగా ఆ ప్రశ్నలన్నీ తీసెయ్యగలవా?” అన్నాడు.

గలనన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట కోసం ఎదురు చూస్తున్నాను.

రెండు నెలలు పట్టింది. తనిఖీ ఉన్న ప్రతి చోటా దాన్ని ‘ఏమీ చేయవద్దు’ అనే ఆజ్ఞగా మార్చాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. స్టేషను నుంచి వచ్చిన అంకెను ప్రోగ్రాం యంత్రం జ్ఞాపకంలోని ఒక గడిలో దాచుకునేది. అచ్చు వేశాక ఆ గడిని తుడిచి, ఎన్నటికీ రాని ఒక దొంగ అంకె అందులో పెట్టేది. మళ్ళీ అరగంటకు చూసినప్పుడు దొంగ అంకే ఉంటే కొత్త కబురు రాలేదని అర్థం. అప్పుడు తనిఖీ అడుగుతుంది. అడిగేదే లేనప్పుడు తుడవడం ఎందుకని ఆ తుడిచే ఆజ్ఞ కూడా తీసేశాను. అది నా స్వంత మెరుగు. యంత్రం వేగం పెరిగింది. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. ఆఫీసరు నా భుజం తట్టాడు.

మా ఆపరేటరమ్మ ఒక్కతే సంతోషించలేదు. ఇద్దరు పిల్లల తల్లి. ఆమె మామగారు కొండ మీద కైంకర్యంలో ఉండేవారు. టెలిప్రింటర్ దగ్గర కూర్చుని వచ్చిన అంకెలన్నీ పుస్తకంలోకి ఎక్కించేది. “ముందు కోప్పడతా ఉన్నా, ఒక మనిషి ఉన్నట్టు ఉండేది అన్నా. ఇప్పుడు ఊరికే కొడతానే ఉంది” అనేది.

నవంబరులో వాయుగుండం పట్టింది. మొదటి రోజు నుంచే అన్ని స్టేషన్ల అంకెలూ పెరుగుతున్నాయి. రెండో రోజు ఉదయం నుంచి మూడో స్టేషను అంకె మాత్రం పెరగలేదు, తగ్గలేదు. నాలుగు పాయింట్ రెండు మీటర్లు. అరగంట తర్వాత నాలుగు పాయింట్ రెండు. సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేటప్పుడూ అదే. ఆ కొండ మీద వాన తగ్గిందేమో అనుకున్నాను. నిజానికి ఆ నిలకడ చూస్తే నాకు ధైర్యంగా ఉండేది. మిగతావి భయపెడుతుంటే కళ్ళు దాని మీదికే పోయేవి.

మూడో రోజు పది గంటలకు యంత్రం ఆగి ఆ మాట అడిగింది. పక్కన స్టేషను సంఖ్య: మూడు.

ఆపరేటరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుని లేచి నిలబడింది. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఏసీ గాలి వల్ల కాదని నాకు తెలుసు.

“అన్నా, అవన్నీ తీసేసినావు గదా?”

“తీసేసినాను.”

“మరి ఇది యాడి నుంచి వచ్చింది?”

మీట నొక్కి యంత్రాన్ని మళ్ళీ లేపాను. ఏమీ జరగనట్టే లేచి, ఐదు అంకెలూ కొట్టింది. మూడో స్టేషను, నాలుగు పాయింట్ రెండు. గది నిండా అందరం ఉన్నాం, బయట రిక్షావాళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి, అయినా నాకు నా వీపు వెనక ఎవరో నిలబడి కాగితం మీదికి వంగి చూస్తున్నట్టే ఉంది. పెద్దాయన అట్లాగే చూసేవాడు.

పదిన్నరకు మళ్ళీ ఆగింది. “ఈడికెట్లొచ్చినావ్?” మూడు.

ఆఫీసరు వచ్చి కాగితం చూశాడు. ఆయన ముఖం కూడా పాలిపోయింది. “ఎక్కడో ఒకటి మిగిలిపోయి ఉంటుంది. ఇవాళ ఆగడానికి వీల్లేదు. మళ్ళీ లేపు, సాయంత్రం చూద్దాం” అన్నాడు.

నా చెయ్యి మీట మీదికి వెళ్ళింది. ఆపరేటరమ్మ కాగితానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. ఆమె అట్లా చేయడం అంతకు ముందెన్నడూ చూడలేదు.

“సార్, ఆయన రెండు తూర్లు అడిగినాడు. ఒక్కసారైనా బదులు చెప్పకుండా మళ్ళా నోరు మూస్తే ఎట్లా? మూడో స్టేషన్లో ఏముందో సూసి రమ్మనండి.”

“ఆయన” అంది. ఎవరమూ దిద్దలేదు.

నేను పాత కాగితాలు తిరగేశాను. నాలుగు పాయింట్ రెండు, నాలుగు పాయింట్ రెండు. ముందు రోజు ఉదయం పది నుంచి ఆ రోజు పది దాకా వేలెడు తేడా లేదు. పారే నీళ్ళు, అందులోనూ వాయుగుండం వానలో, ఒక పగలూ ఒక రాత్రీ ఒకే గీత మీద నిలబడతాయా? ఆ ప్రశ్న అంతవరకూ నాకు ఎందుకు రాలేదో ఇప్పటికీ చెప్పలేను. అప్పుడు గుర్తొచ్చింది, నేను తీసేసిన ఆ తుడిచే ఆజ్ఞ. గడిలో ఉన్నది నిన్నటి అంకె. యంత్రం నిన్నటి నీళ్ళనే ఇవాళ చూపిస్తోంది. మూడో స్టేషను అసలు మాట్లాడడం లేదు.

ఆ స్టేషనులో కాపలాదారు తప్ప ఎవరూ ఉండరు, ఫోను లేదు, వైర్‌లెస్ పలకలేదు. జీపు తీసుకుని డ్రైవరూ నేనూ బయల్దేరాం. దారిలో ఆ వంక నీళ్ళు చేరే పెద్ద చెరువు, దాని కట్ట కింద ఒక ఊరు ఉన్నాయి. చెరువు మొరవ పోతోంది, నిండిన నీళ్ళు అలుగు మీంచి పొర్లుతున్నాయి. ఎన్నో ఏళ్ళకు నిండిందని జనం కట్ట మీద నిలబడి చూస్తున్నారు. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఒక ముసలి రైతు, ఊరి పెద్దలా ఉన్నాడు, జీపు దగ్గరికి వచ్చాడు.

“ఊరు ఖాళీ చేయండి పెద్దాయనా. పైన వరద వస్తా ఉంది” అన్నాను.

“మీ ఆఫీసు గంట మోగితే ఠాణాకు ఫోనొస్తుందన్నారే. ఏ ఫోనూ రాలేదప్పా. పైన ఎంత ఉండాది నీల్లు?”

నిజం చెప్పాలంటే ఎంతుందో నాకు తెలీదని చెప్పాలి. మా యంత్రం ప్రకారం భయం లేదని చెప్పాలి. తీరా వరద రాకపోతే, ఊరు ఊరికే ఖాళీ చేయించానని ఉద్యోగం పోతుంది.

“స్తంభం మునిగిపోయింది. నేను సూసి వస్తా ఉండా” అన్నాను. చూడనే లేదు. నా జీవితంలో నేను చేసిన అన్ని ప్రకటనల్లోకీ అదే ఆధారం లేనిది.

ఆయన నా కళ్ళలోకి చూశాడు. తర్వాత కట్ట మీది వాళ్ళ వైపు తిరిగి, “ఒరే, గొడ్లను ఇప్పండ్రా! ఆడోల్లను ఇస్కూలు గుట్ట మీదికి తోలండి!” అని కేకేశాడు.

అక్కడి నుంచి నాలుగు మైళ్ళ పైన దారి తెగిపోయింది. జీపు దిగి గట్టు వెంట నడిచాం. వంక మలుపు దగ్గర మూడో స్టేషను స్తంభం నిలబడి ఉండాలి. లేదు. పెట్టె లేదు, కాపలాదారు గది లేదు. ఎర్రటి నీళ్ళు గట్టు నుంచి గట్టుకు పారుతున్నాయి. నా చేతి గడియారం చూసుకున్నాను. సరిగ్గా పన్నెండు. అదే నిమిషాన తిరుపతిలో, ఆఫీసరు మళ్ళీ లేపించిన యంత్రం, నా కళ్ళ ముందు ఖాళీగా ఉన్న ఈ చోటి పేరు మీద నాలుగు పాయింట్ రెండు అని కొడుతూ ఉంటుంది. నేను భయపడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి. వాటిలో దేనికీ దీనితో పోలిక లేదు.

“సార్, ఆడ!” అన్నాడు డ్రైవరు.

గట్టుకు పైన ఒక బండ మీద మనిషి పడుకుని ఉన్నాడు. కాపలాదారు. నలభై ఏళ్ళవాడు, పుత్తూరు వైపు నుంచి వచ్చి ఆ పనిలో చేరాడు. ముందు రోజు ఉదయం స్తంభం కూలినప్పుడు ఇనుప దూలం కాలి మీద పడిందట. చేతులతో పాక్కుంటూ బండ ఎక్కాడు. అప్పటి నుంచి అక్కడే. గొర్రెలవాళ్ళు ఇద్దరు దొరికితే, వాళ్ళ కంబళిలో వేసి జీపు దాకా మోసుకొచ్చాం.

“వస్తారని తెలుసు సార్” అన్నాడు, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే. “మిషను పలక్కపోతే అరగంటలో మీకు తెలుస్తాదని మే నెల్లో పోయిన పెద్దసారు సెప్పినాడు. అందుకే కదల్లేదు. కనపడే సోట ఉండాలని.”

నేను కంబళి అతని భుజాల మీదికి లాగాను. డ్రైవరు ఆగలేదు, అమాయకుడు. “తెలీలేదబ్బా! నిన్నంతా నీ స్టేషను పలుకుతానే ఉంది. ఇప్పుడు గూడా పలుకుతా ఉంటాది” అన్నాడు.

కాపలాదారు తల తిప్పి, జీపు వెనక దూరమవుతున్న వంక వైపే చూస్తూ ఉన్నాడు.

మేము తిరిగి వస్తుంటే ఊరు ఖాళీగా ఉంది. ఆ రోజు మూడు గంటలకు చెరువు కట్ట తెగింది. కుమ్మరి వీధి, దాని వెనక రెండు వరసల ఇళ్ళు ఆనవాలు లేకుండా పోయాయి. మనుషులు మాత్రం అందరూ గుట్ట మీద ఉన్నారు. పేపర్లో మా ఆఫీసు ముందుచూపును మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు వచ్చాయి. ఆఫీసరు దాన్ని కత్తిరించి అద్దం కింద పెట్టుకున్నాడు.

ఆ వారమంతా నేను యంత్రం జ్ఞాపకాన్ని గడి గడీ అచ్చు వేసి చదివాను. నాలుగో రోజున దొరికింది. తనిఖీలుండే చోట కాదు. అచ్చు అక్షరాల పట్టిక అని పైన రాసి ఉన్న చోట, అక్షరాల మధ్య, అక్షరాల్లాగే కనిపించే పన్నెండు ఆజ్ఞలు. ఏ స్టేషను అంకె అయినా, సున్నా కాకుండా, ఒక రోజు పొడవునా మారకపోతే ఆగి అడగమని. లెక్క పెట్టుకునే గడి కూడా అక్కడే దాచాడు. కరెంటు తీసినా, మళ్ళీ లేపినా ఆ లెక్క చెరగలేదు. అందుకే నేను నోరు మూసిన కొద్దీ మళ్ళీ అడిగింది.

ఆయన కాగితాల కట్టలో ఆ పేజీ మీద పెన్సిలుతో తేదీ ఉంది. చనిపోవడానికి మూడు వారాల ముందు. మిగతా తనిఖీలన్నీ యంత్రం కోసం రాశాడు. ఇదొక్కటి నా కోసం రాశాడు. తన తర్వాత నేను ఏం చేస్తానో ఆయనకు తెలుసు. నాతో పోట్లాడకుండా, నా కంట పడని చోట పెట్టి వెళ్ళాడు.

తీసేసినవన్నీ తిరిగి పెట్టాను. తుడిచే ఆజ్ఞను అన్నిటికంటే ముందు పెట్టాను. చాలా ఏళ్ళ తర్వాత హైదరాబాదులో సి భాష శిక్షణకు వెళ్ళినప్పుడు, ఈ తనిఖీలకు ఆ భాషలో ఒక మాటే ఉందని, అన్నిటినీ ఒక్క దెబ్బతో ఆపేసే ఏర్పాటు కూడా దాంతోనే ఉందని చదివి, పుస్తకం మూసి బయటికి వచ్చి టీ తాగాను. తీసేయాలనుకునేవాడిని నేనొక్కడినే కాదని తెలిసింది. ఊరట మాత్రం కలగలేదు.

కానీ చెప్పవలసింది అది కాదు. కాపలాదారు కాలు మోకాలి కింది దాకా తీసేశారు. ఒక రోజు ముందు తెచ్చి ఉంటే నిలిచేదని డాక్టరు నాతోనే అన్నాడు. నేనెవరో ఆయనకు తెలీదు. వారం తర్వాత ఆసుపత్రికి వెళ్ళాను. వార్డు నిండా మధ్యాహ్నపు ఎండ. కాపలాదారు మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. భార్య కంచం కడగడానికి వెళ్ళింది. ఆమె లేదని చూసుకుని, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

“సార్, ఒకటి అడగల్ల. రాత్రిల్లు నిద్ర పట్టదు దాంతో” అన్నాడు, గొంతు తగ్గించి. “పెట్టె నా కండ్ల ముందరే కొట్టుకోని పాయ. నేను బండ మీద ఉండా. మరి ఆ పొద్దంతా, ఆ రాత్రంతా నా స్టేషను పేరు మీద పలికింది ఎవురు?”

అతను అడుగుతున్నది యంత్రం గురించి కాదని అర్థమైంది. వాళ్ళ ఊరి మనుషులు అప్పటికే ఏమేమి చెప్పారో, ఏ తాయెత్తు కట్టారో మణికట్టు మీద కనిపిస్తూనే ఉంది.

గడి గురించి, తుడిచే ఆజ్ఞ గురించి చెప్పబోయి మానుకున్నాను.

“నేనే” అన్నాను.

అతను బిగబట్టుకున్న ఊపిరి వదిలి, దిండు మీదికి జారాడు.

“మీరేనా సార్. సరేలే అయితే. నేను ఇంకేందో అనుకొన్నా” అని కళ్ళు మూసుకున్నాడు. భార్య కంచంతో తిరిగి వచ్చేసరికి నిద్రపోయాడు.